రెండు జీబీల గోడ



హైదరాబాద్‌లో చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా పోయేవాళ్లకు దారి పొడవునా ఫంక్షన్ హాళ్లు ఎదురవుతాయి. మంచి ముహూర్తాలున్న రోజుల్లో సాయంత్రం అటువైపు బండి తీస్తే ఎప్పుడు చేరతామో చెప్పలేం. ఆ పెళ్లిళ్ల మీద బతికేవాళ్లలో వంటవాళ్లు, డెకరేషన్ వాళ్లు, బ్యాండ్ మేళం వాళ్లు అందరి కళ్లకూ కనపడతారు. కనపడనివాళ్లు ఇంకొందరున్నారు. గల్లీలో ఒక షట్టర్ కింద రెండు కంప్యూటర్లు పెట్టుకుని శుభలేఖలు కంపోజ్ చేసేవాళ్లు, ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు, హాలు గేటు ముందు కట్టే ఫ్లెక్సీలు తయారుచేసేవాళ్లు. ఇవాళ మాట్లాడుకోబోయేది వాళ్ల కంప్యూటర్ల గురించి. మీ ఇంట్లోనో ఆఫీసులోనో పాత ప్రోగ్రాం ఒకటి కొత్త మెషీన్ మీద నడుస్తుంటే ఇది మీ సంగతి కూడా.

ఈ షాపుల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది. ‘అన్నా, పాత సిస్టం స్లో అయితుందని కొత్తది తీసుకున్న. పదహారు జీబీ ర్యామ్ ఏయించిన. అయినా మెమరీ సాల్తలేదంటుంది. ర్యామ్ డూప్లికేట్‌ది ఇచ్చిండంటవా?’ అమ్మినవాడి మీద అనుమానం సహజమే. కానీ చాలాసార్లు ర్యామ్ అసలుదే, మెషీన్ మంచిదే. ఆ పదహారులో రెండు జీబీలు దాటి చూడటం వాళ్లు వాడే పాత ప్రోగ్రాంకు చేతకాదు. మిగతా పద్నాలుగు పక్కనే ఖాళీగా ఉన్నా, అవి ఉన్నాయని దానికి తెలియదు.

ఎందుకు తెలియదు? హైదరాబాద్‌లో ఒకప్పుడు ల్యాండ్‌లైన్ నంబర్లకు ఏడే అంకెలుండేవి. తర్వాత ముందు ఒక 2 చేర్చి ఎనిమిది చేశారు. ఏడంకెలతో ఎన్ని నంబర్లు రాయగలం? సున్నాలతో మొదలయ్యేవి కూడా కలుపుకొంటే సరిగ్గా కోటి. ఊళ్లో కోటీ ఒకటో ఫోను పెడితే దానికివ్వడానికి నంబరు మిగలదు. ఫోను ఉంటుంది, తీగ ఉంటుంది, పిలవడానికే దారి ఉండదు. కంప్యూటర్ మెమరీలో కూడా ప్రతి బైటుకూ ఇలాగే ఒక నంబరుంటుంది. దాన్ని అడ్రస్ అంటారు. ప్రోగ్రాం ఆ అడ్రస్ చెప్పి పిలిస్తేనే ఆ బైటు పలుకుతుంది.

మన అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా పది. యంత్రానికి సున్నా, ఒకటి అని రెండే. ఆ ఒక్కొక్క అంకెనే బిట్ అంటాం. అడ్రస్‌కు ముప్పై రెండు బిట్ల చోటిస్తే మొత్తం 4,29,49,67,296 నంబర్లు వస్తాయి. అంటే 429 కోట్ల చిల్లర బైట్లు. మనం నాలుగు జీబీ అని పిలిచేది దీన్నే. ముప్పై రెండు బిట్ల కాలంలో రాసిన ప్రోగ్రాంకు ఇంతకంటే పెద్ద నంబరు రాసుకునే గడులే లేవు. కొట్టుకెళ్లి ఎంత ర్యామ్ కొన్నా ఆ గడులు పెరగవు.

నాలుగు జీబీ అన్నప్పుడు రెండు దగ్గరే ఎందుకు ఆగిపోతుందని మీరడగవచ్చు. ఆ నాలుగునూ విండోస్ మధ్యకు చీల్చింది. కింది సగం ప్రోగ్రాంకు, పై సగం తన సొంత అవసరాలకు. డ్రైవర్లు, ఫైళ్ల లెక్కలు, ప్రోగ్రాంలు ముట్టకూడని సరంజామా అంతా ఆ పై సగంలో ఉంటుంది. కాబట్టి మామూలు ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాంకు దక్కేది రెండు జీబీలే. అవి కూడా ఒకే ముక్కగా దొరకవు. ప్రోగ్రాం తెరవగానే దాని అనుబంధ ఫైళ్లు, ఫాంట్లు, ప్లగిన్‌లు ఎక్కడపడితే అక్కడ కూర్చుంటాయి. మొత్తం లెక్కిస్తే ఖాళీ చాలానే ఉన్నా, ఒక పెద్ద బొమ్మను వరుసగా పరిచేంత ఎడం ఎక్కడా ఉండదు. అందుకే కొన్ని ప్రోగ్రాంలు రెండు జీబీల దాకా కూడా పోకుండానే, ఒకటిన్నర దగ్గరే చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు ఆల్బమ్ సంగతికి వద్దాం. పెళ్లి ఆల్బమ్‌లో ఒక షీటు సైజు సాధారణంగా పన్నెండు అంగుళాలు, ముప్పై ఆరు అంగుళాలు. ప్రింటింగ్‌కు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఒక పక్క 3,600 చుక్కలు, ఇంకోపక్క 10,800. గుణిస్తే 3 కోట్ల 88 లక్షల 80 వేలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు. మొత్తం 11 కోట్ల 66 లక్షల బైట్లు. ఇది ఒక్క పొరకే. కింద బ్యాక్‌గ్రౌండు, దాని మీద పూల డిజైన్, దాని మీద అమ్మాయి ఫొటో, అబ్బాయి ఫొటో, మధ్యలో తలంబ్రాల సీను, పైన బంగారు రంగు మెరుపులు, ఆపైన పేర్లు. షీటంతా కప్పే పొరలు పద్దెనిమిది అయ్యేసరికి రెండు జీబీ నిండిపోతుంది. చేసినదాన్ని వెనక్కి తీసుకోవడానికి, ఆల్బమ్‌లు చేసే ఫొటోషాప్ ప్రోగ్రాం దాచుకునే పాత రూపాల లెక్క ఇందులో కలపలేదు. పెళ్లివారు ‘ఇంకొంచెం రిచ్‌గా ఉండాలి’ అన్న ప్రతిసారీ ఓ రెండు పొరలు పెరుగుతాయని డిజైనర్లకు తెలుసు.

అయితే ఫొటోషాప్ తయారుచేసినవాళ్లు తెలివైనవాళ్లు. ర్యామ్ అందరి దగ్గరా తక్కువగా ఉన్న కాలంలోనే, మెమరీలో పట్టనిదాన్ని హార్డ్ డిస్క్ మీద రాసుకునే ఏర్పాటు వాళ్లు చేసుకున్నారు. స్క్రాచ్ డిస్క్ అంటారు దాన్ని. అందుకే రెండు జీబీ దాటగానే ఫొటోషాప్ ఆగిపోదు, ఈడుస్తుంది. మౌస్ కదిపి టీ తాగొచ్చేదాకా గిరగిరా తిరుగుతుంది. ఆ డిస్క్ కూడా నిండితే ‘స్క్రాచ్ డిస్క్ ఫుల్’ అని కూర్చుంటుంది. ఆ మాట చూసి చాలామంది ర్యామ్ కొనడానికి పరుగెత్తుతారు. కావలసింది సీ డ్రైవులో ఖాళీ చోటు.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. పదహారు జీబీ పెట్టించుకున్నవాడి డబ్బు పూర్తిగా వృథా అనలేం. అరవై నాలుగు బిట్ల విండోస్, ఖాళీగా ఉన్న ర్యామ్‌లో డిస్క్ ఫైళ్ల నకళ్లు ఉంచుకుంటుంది. పాత ఫొటోషాప్ డిస్క్ మీద రాశాననుకున్నది నిజానికి ర్యామ్‌లోనే ఉండిపోయి, మళ్లీ అడిగినప్పుడు చప్పున వస్తుంది. పాత ప్రోగ్రాంకు తెలియకుండానే విండోస్ దానికి ఈ సాయం చేస్తుంటుంది. కానీ ర్యామ్‌ను నాలుగు నుంచి ఎనిమిదికి పెంచినప్పుడు కనిపించిన తేడా, ఎనిమిది నుంచి పదహారుకు పోయినప్పుడు కనిపించదు. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ కొని స్క్రాచ్ డిస్క్ దాని మీద పెట్టుకుంటే పని నయం. హార్డ్ డిస్క్ వాడేవాళ్లకు నేను ముందు చెప్పేది అదే.

ఫ్లెక్సీ లెక్క ఇంకోరకం. ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు బ్యానర్‌ను అంగుళానికి 72 చుక్కలతో, ప్రింటింగ్‌కు పనికొచ్చే నాలుగు రంగుల పద్ధతిలో చేస్తే ఒక్క పొర 59 కోట్ల 72 లక్షల బైట్లవుతుంది. మూడు పొరలు పడతాయి, నాలుగోదానికి చోటుండదు. బోనాలకో వినాయక చవితికో నలభై అడుగుల ఫ్లెక్సీ కావాలంటే ఫొటోషాప్ 7లో అసలు కాగితమే తెరుచుకోదు. అందులో ఒక పక్కకు 30,000 చుక్కలకు మించి ఒప్పుకోదు. నలభై అడుగులకు 34,560 కావాలి. ఈ పరిమితిని 3,00,000కు పెంచింది 2003లో వచ్చిన తర్వాతి వెర్షన్. మన ఆపరేటర్లు అంతదాకా ఆగలేదు. అడుగుకు ఒక అంగుళం లెక్కన చిన్నగా డిజైన్ చేసి, మెషీన్ దగ్గర పెద్దది చేసుకున్నారు. రోడ్డు అవతలి నుంచి చూసే బొమ్మకు అంత సన్నటి చుక్కలు అక్కర్లేదని పుస్తకం చదవకుండానే పట్టేశారు. మెమరీని ఆదా చేయడంలో ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ కోర్సులోనూ కనపడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోర్సులకు కొదవ లేదని మీకు తెలుసు.

ఇలా రెండు జీబీ దగ్గరా నాలుగు జీబీ దగ్గరా గోడలు కట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. ఏ కాలానికి ఆ కాలంలో అంతే చాలనిపించింది. మన ఊరి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1967లో హైదరాబాద్‌లో డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో ఈసీఐఎల్ ఏర్పడింది. ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదిదే. 1969లో ఆ సంస్థ నుంచి వచ్చిన టీడీసీ-12 కంప్యూటర్ పన్నెండు బిట్ల యంత్రం. పన్నెండు బిట్లతో రాయగలిగే నంబర్లు 4,096. ఇవాళ ఒక వాట్సాప్ స్టిక్కర్‌కు కూడా చాలని ఆ చోటులో అప్పటివాళ్లు సీరియస్ లెక్కలు చేశారు. 1978లో ఇంటెల్ 8086 చిప్ వచ్చేసరికి అడ్రస్‌కు ఇరవై బిట్లయ్యాయి, మెమరీ ఒక మెగాబైట్ దాకా పోయింది. అందులో ప్రోగ్రాంల వాటా 640 కేబీ. డాస్ కాలంలో పనిచేసినవాళ్లకు ఆ 640 అంకె ఇంకా కలలోకి వస్తుంది. 1985లో 80386తో ముప్పై రెండు బిట్లొచ్చాయి. నాలుగు మెగాబైట్ల ర్యామ్ ఉంటేనే గొప్ప అనుకునే రోజుల్లో నాలుగు గిగాబైట్లంటే ఎవరికైనా అంతులేనిదిగానే కనపడుతుంది.

2003లో ఏఎండీ కంపెనీ, పాత ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాంలను కూడా నడపగలిగే అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్ తెచ్చింది. ఇంటెల్ అప్పటికే ఇటానియం పేరుతో పూర్తిగా వేరే బాట పట్టి ఉంది. పాతదాన్ని వదిలిపెట్టకుండా ముందుకు పోదామన్న ఏఎండీ పద్ధతే గెలిచింది. మరుసటి ఏడాదికి ఇంటెల్ కూడా ఆ దారికే వచ్చింది. 2005లో విండోస్ ఎక్స్‌పీకి అరవై నాలుగు బిట్ల రూపం వచ్చినా మన షాపుల్లో అది ఎవరికీ పట్టలేదు, ప్రింటర్ డ్రైవర్లు దొరికేవి కావు. 2009లో విండోస్ 7 వచ్చాకే ఈ మార్పు గల్లీల దాకా వచ్చింది.

ఇప్పటి విండోస్ లోపల పాత ప్రోగ్రాంల కోసం వావ్64 అనే ఏర్పాటు ఉంది. పాత ప్రోగ్రాం ఏదైనా అడిగితే మధ్యలో నిలబడి దాన్ని కొత్త విండోస్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. ప్రాసెసరే పాత ఆదేశాలను నేరుగా నడుపుతుంది కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. ఒక తమాషా ఏమిటంటే, విండోస్ ఫోల్డర్‌లో సిస్టం32 అని ఉన్నదాంట్లో అరవై నాలుగు బిట్ల ఫైళ్లుంటాయి. సిస్‌వావ్64 అని ఉన్నదాంట్లో ముప్పై రెండు బిట్లవి ఉంటాయి. పాత ప్రోగ్రాంలు ‘సిస్టం32’ అన్న పేరునే పట్టుకు వేలాడుతుంటే ఆ పేరు మార్చలేక చేసిన సర్దుబాటు అది. తెలియనివాళ్లు ఫైలు తప్పు ఫోల్డర్‌లో వేసి తల పట్టుకుంటుంటారు.

గోడను కొంచెం వెనక్కి జరపలేమా? జరపవచ్చు. ప్రోగ్రాం ఫైలు తలభాగంలో ‘నాకు పెద్ద అడ్రస్‌లు వాడటం వచ్చు’ అని చెప్పే చిన్న గుర్తు ఒకటుంటుంది. ఆ గుర్తున్న ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాంకు అరవై నాలుగు బిట్ల విండోస్ పూర్తి నాలుగు జీబీలూ ఇచ్చేస్తుంది. పై సగం తనకు అక్కర్లేదు, తన సంసారం వేరే చోట ఉంది కనుక. ముప్పై రెండు బిట్ల ఎక్సెల్‌కు మైక్రోసాఫ్ట్ 2016లో ఈ గుర్తు పెట్టింది. కంపెనీ పెట్టకపోయినా బయటి టూల్స్‌తో ఆ గుర్తు మనమే పెట్టే వీలుంది. కానీ కొన్ని పాత ప్రోగ్రాంలు రెండు జీబీ పైనున్న అడ్రస్‌ను రుణ సంఖ్య అనుకుని తికమకపడతాయి. వెంటనే పడిపోతే పరవాలేదు, వేరే కాపీ తీస్తాం. పనిచేస్తున్నట్టే నటించి ఫైలును పాడుచేస్తేనే కష్టం. అర్ధరాత్రి ఆల్బమ్ ఇవ్వాల్సిన రోజు ఈ ప్రయోగం పెట్టుకోవద్దు.

ఎక్కువ మెమరీయే ఇబ్బంది పెట్టే సందర్భాలు కూడా ఉన్నాయి. పాత ప్రోగ్రాం మొదలవగానే ‘మెషీన్‌లో ఎంత ర్యామ్ ఉంది’ అని విండోస్‌ను అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగే పాత పద్ధతిలో జవాబు రాయడానికి కూడా ముప్పై రెండు బిట్లే చోటు. నాలుగు జీబీ దాటితే ఆ గడిలో పట్టక మైనస్ ఒకటి అని రావచ్చు. అది చూసి ప్రోగ్రాం ‘మెమరీ లేదు’ అంటుంది. విండోస్ 10లో కొన్ని ఫొటోషాప్ వెర్షన్లు ‘96కూ 8కీ మధ్య ఉన్న సంఖ్య ఇవ్వండి’ అని అడిగేవి. కనీసం తొంభై ఆరు, గరిష్ఠం ఎనిమిది అంటే ఏ సంఖ్య ఉంటుంది చెప్పండి? మెమరీ లెక్క తిరగబడి పుట్టిన సందేశం అది. రిజిస్ట్రీలో మెమరీ ఇంత అని చేత్తో రాసిస్తే గానీ కుదురుకునేది కాదు.

ఇంత తంటా ఎందుకు, కొత్త వెర్షన్ పెట్టుకోవచ్చు కదా అని మీలో చాలామందికి అనిపించి ఉంటుంది. ఫొటోషాప్ 2008 నుంచీ, కోరల్‌డ్రా 2012 నుంచీ అరవై నాలుగు బిట్లలో దొరుకుతున్నాయి. ఆ గల్లీలో ఉన్న ఫొటోషాప్ 7 ఎక్కడి నుంచి వచ్చిందని నేనడగను, మీరూ అడగకండి. నెలనెలా చందా కట్టమంటే చిన్న షాపువాడికి బరువే. కానీ అసలు కారణం డబ్బొకటే కాదు. తెలుగు.

శుభలేఖల కంపోజింగ్ అంతా పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లతో పెరిగింది. ఆ రకం ఫాంట్‌లో ఉండేవి 256 గడులు. ఇంగ్లిష్ అక్షరాలుండాల్సిన గడుల్లో మన తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఆ ముక్కలను కలిపి అక్షరంగా కనపడేలా చేయడం గొప్ప పనితనం, అక్షరాల అందం గురించి వంక పెట్టలేం. కానీ కంప్యూటర్ దృష్టిలో అక్కడున్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అదే కనిపిస్తుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంట్ కూడా వచ్చింది. అయినా పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు కొడితే వత్తులు విడిపోయి పక్కన నిలబడేవి, పేజ్‌మేకర్‌కైతే యూనికోడే రాదు. ‘చి.ల.సౌ.’ అన్నది తప్పుగా అచ్చయితే పెళ్లివారు ఊరుకుంటారా? కాబట్టి మనవాళ్లు పాతదాన్ని వదల్లేదు. దాన్ని బద్ధకం అనడం నాకు ఇష్టం లేదు. తెలుగు సరిగ్గా కనపడే చోటును పట్టుకుని ఉన్నారు, అంతే.

పేజ్‌మేకర్ స్వయంగా మెమరీ పెద్దగా తినదు. నాలుగు పేజీల శుభలేఖకు రెండు జీబీ అనంతం. దాని కష్టం వేరు. 1985లో ఆల్డస్ కంపెనీ మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాంను 1994లో అడోబ్ తీసుకుంది, 2001లో 7.0 తెచ్చింది, 2004లో ఇక ముందుకు పోదని చెప్పేసింది. అప్పటి నుంచీ అది ఎవరూ పట్టించుకోని ప్రోగ్రాం. ఆ కాలపు కొన్ని ప్రోగ్రాంలకు ఇంకో చిక్కుంది. ప్రోగ్రాం ముప్పై రెండు బిట్లదైనా దాన్ని ఎక్కించే సెటప్ పదహారు బిట్లది. అరవై నాలుగు బిట్ల విండోస్ పదహారు బిట్లదాన్ని అసలు నడపదు. సీడీ ఉంటుంది, ప్రోగ్రాం నడిచేదే, గడప దాటదు. పదహారు బిట్లకు పట్టిన గతే ముప్పై రెండుకు కొన్నిచోట్ల అప్పుడే పట్టింది. యాపిల్ 2019లో తన మ్యాక్‌లకు తెచ్చిన కేటలీనా వెర్షన్‌తో ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాంలన్నిటినీ ఆపేసింది. అదే ఏడాది ఉబుంటూ లినక్స్ వాళ్లు కూడా ఆ పనే చేయబోయి, వాడేవాళ్లు గోల పెడితే వెనక్కి తగ్గారు. విండోస్ 11కు ముప్పై రెండు బిట్ల రూపం లేదు, కానీ ముప్పై రెండు బిట్ల ప్రోగ్రాంలను ఇంకా నడుపుతోంది.

కొత్త ర్యామ్ కొనేముందు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. విండోస్ 10లో పాత ప్రోగ్రాం పేరు పక్కన ‘32 బిట్’ అని కనిపిస్తుంది. పని నెమ్మదించిన క్షణంలో అది ఎంత మెమరీ వాడుతోందో చూడండి. రెండు జీబీకి దగ్గరగా ఉంటే గోడ తగిలినట్టే. అయిదారు వందల ఎంబీ దగ్గరే ఉండి ఈడుస్తుంటే జబ్బు వేరే చోట ఉంది, డిస్క్ చూసుకోండి.

పాత సిస్టం తూకానికి అమ్మేయాలనుకునేవాళ్లకు ఇంకో మాట. అందులో పేజ్‌మేకర్ ఫైళ్లుంటే ఆగండి. వాటిని తెరవగలిగిన, అడోబ్ వారి ఇన్‌డిజైన్ ప్రోగ్రాం వెర్షన్లలో చివరిది 2012 నాటి సీఎస్6. తెలుగు వత్తులను సరిగ్గా కూర్చడం వచ్చిన మొదటి వెర్షన్ కూడా అదే. తర్వాత వచ్చినవి పేజ్‌మేకర్ ఫైళ్లను ముట్టవు. ఆ సీఎస్6 కూడా ముప్పై రెండు బిట్లదే, పైగా అడోబ్ ఇప్పుడు దాన్ని అమ్మడం లేదు. కనుక ఉన్న ఫైళ్లన్నిటినీ పాత మెషీన్ మీదే, ఫాంట్లు లోపల ఇమిడేలా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. రూపమైనా దక్కుతుంది. అక్షరాలు మళ్లీ దిద్దుకునేలా కావాలంటే, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లతో మార్చి, పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూడాలి. ఇంటిపేర్లలో వత్తులు తారుమారవడం మామూలే.